సంతకం మనదే, తనిఖీ మనదే
చౌటుప్పల్ ఇంటిని కొన్ని అంకెలతో కొలిచి చూస్తే

హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో యాభై కిలోమీటర్లు వస్తే చౌటుప్పల్. 65వ నంబరు జాతీయ రహదారి ఊరి నడుమ నుంచే పోతుంది. సంగారెడ్డి నుంచి మొదలయ్యే రీజినల్ రింగు రోడ్డు ఉత్తర భాగం 158 కిలోమీటర్లు చుట్టుకుని ఇక్కడికే చేరాలి. అందుకే ఈ చుట్టుపక్కల గజం ధర తెలియని మనిషి కనబడడు. స్థలం కొనేముందు టేపు పట్టుకుని హద్దులు కొలుస్తాం. పునాది తీసేముందు ఈశాన్యం చూపించుకుంటాం. గుమ్మం ఎత్తులో అంగుళం తేడా వస్తే మేస్త్రీతో పంచాయితీ పెట్టుకుంటాం. గృహప్రవేశం అయిపోయిన మర్నాడు ఆ టేపు అటకెక్కుతుంది, మళ్లీ దిగదు.

ఆ తర్వాత మన ఇంటిని ఎవరైనా వచ్చి చూస్తారా అంటే, చూడరు. 2020 నవంబరులో తెలంగాణలో వచ్చిన టీఎస్ బీపాస్ విధానం ప్రకారం 75 గజాల్లోపు ప్లాటులో ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కర్లేదు. రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు ఉన్న ప్లాటులో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ ఆ కాగితానికి ఇంకో అర్థం కూడా ఉంది: ఈ ఇంటికి పూచీ నాది అని మనమే సంతకం పెట్టాం. పూచీ మనది అయినప్పుడు తనిఖీ కూడా మనదే కావాలి.

విదేశాల్లో ఇల్లు కొనేవాళ్లు డబ్బులిచ్చి తనిఖీ చేయించుకుంటారు. ఆ తనిఖీ చేసేవాడు పట్టుకొచ్చేవి పెద్ద యంత్రాలేమీ కావు. టేపు, టార్చిలైటు, ఏ కొలత ఎంత ఉండాలో చెప్పే కొన్ని అంకెలు, అంతే. ఆ అంకెల్లో మన ఎర్ర చెల్క నేలలకు, మన బోరు నీళ్లకు, మన మిద్దెలకు పనికొచ్చేవి ఏవో చూద్దాం.

30 మిల్లీ ఆంపియర్లు

దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే ప్రమాద మరణాల పుస్తకం చెబుతోంది. అంటే రోజుకు ముప్పై మందికి పైనే.

మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. తడి చేతులతో, ఉత్త కాళ్లతో నిలబడ్డ మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓంల దగ్గరకు పడిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. పది దాటితే పట్టుకున్న చెయ్యి వదిలించుకోవడం కష్టం. ముప్పై దగ్గర ఊపిరి బిగుసుకుంటుంది. యాభై, వంద మధ్యలో గుండె లయ తప్పుతుంది. 230 ఎక్కడుందో మీరే చూసుకోండి.

"మా ఇంట్లో ఎంసీబీ ఉంది కదా" అంటారు చాలామంది. ఆరు ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే దాని గుండా ఆరు ఆంపియర్లకు మించిన కరెంటు పోవాలి. అంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. మనిషికి గండం 30 దగ్గర మొదలైతే, ఎంసీబీ అంతకు రెండువందల రెట్లు దాటితేగాని కదలదు. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిచూసుకుంటూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరా ఆపేస్తుంది. దాని మీద "టెస్ట్" అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి. నొక్కితే ఇంట్లో కరెంటు పోవాలి. పోకపోతే అది గోడకు అలంకారమే.

ఎర్తింగ్ ఉంటే చాలదా అన్నది తర్వాతి ప్రశ్న. ఉండాలి, కానీ మన నేలలో అదొక్కటే చాలదు. పైపు ఎర్తింగ్‌కు కనీసం రెండున్నర మీటర్ల గొట్టం నేలలోకి దిగాలని ప్రమాణం. చౌటుప్పల్ చుట్టుపక్కల నాలుగడుగులు తవ్వితే మొరం, ఇంకాస్త తవ్వితే రాయి. సగం గొట్టం కోసేసి మిగతా సగం పాతి పైన సిమెంటు పూసేస్తే కంటికి తేడా తెలియదు. పైగా ఎండాకాలంలో నేల ఎండి నిరోధం పెరిగిపోతుంది. ఒక లెక్క చూడండి. ఎర్తింగ్ నిరోధం వంద ఓంలు ఉందనుకుందాం. ఫ్రిజ్ బాడీకి కరెంటు తగిలితే నేలలోకి పోయేది 230ని వందతో భాగిస్తే వచ్చే 2.3 ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు. ఎంసీబీ పడదు, ఫ్యూజు పోదు, ఫ్రిజ్ తలుపు మాత్రం కరెంటుతో అలాగే ఉంటుంది. అదే ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే 2.3 ఆంపియర్లు కాదు, అందులో 75వ వంతుకే ఆగిపోతుంది. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి ఎండాకాలంలో వారానికో రెండు బకెట్ల నీళ్లు పోయడం మన పెద్దలకు తెలిసిన పనే. ఆ గుంత ఇప్పుడు ఏ టైల్స్ కింద ఉందో ముందు వెతకండి.

ఇంకో చిన్న భాగహారం. నీళ్లు కాచే హీటర్ రాడ్డు 1,500 వాట్లది. 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లయితే ఎనిమిదిన్నర పైనే. ఇవి రెండూ ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెట్టేవి కావు, పదహారు ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోవి. లైట్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, మామూలు ప్లగ్గులకు రెండున్నర, గీజరుకు, ఏసీకి నాలుగు వాడటం ఎలక్ట్రీషియన్ల పద్ధతి. ప్లగ్గు చుట్టూ పసుపు రంగు మరక, ముట్టుకుంటే వేడి, కాలిన వాసన: ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా లోపల వైరు ఉడుకుతున్నట్టే.

దండెం: ఇనుము సున్నా

ఇంటి తనిఖీ పుస్తకాలు ఏ దేశంలో వచ్చినా వాటిలో ఈ మాట ఉండదు. మన దగ్గర మాత్రం మొదట చూడాల్సింది ఇదే.

2022 జూలైలో కామారెడ్డి పట్టణంలో ఒకే ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు కరెంటు షాక్‌తో చనిపోయారు. బట్టలు ఆరేసే ఇనుప తీగలోకి కరెంటు రావడం, ఒకరిని పట్టుకోబోయి ఇంకొకరు చిక్కుకోవడం. వానాకాలం మొదలయ్యాక ఇలాంటి వార్త రాని ఏడాది లేదు.

అది ఎలా జరుగుతుందో తెలిస్తే ఆపడం తేలిక. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును మోయడానికి ఒక ఇనుప తీగ ఉంటుంది. దాన్ని రేకుల షెడ్డు పైపుకో, ఇనుప స్తంభానికో కడతారు. ఆ పైపుకే ఇంటివాళ్లు దండెం కూడా కడతారు. గాలికి సర్వీసు వైరు రేకు అంచుకు రాసుకుని రాసుకుని పైతోలు పోతుంది. అప్పుడు రేకు, పైపు, తీగ, దండెం అన్నీ కరెంటువే. ఎండలో చెప్పులేసుకుని ముట్టుకుంటే ఏమీ తెలియకపోవచ్చు. మొదటి వాన పడ్డ మర్నాడు తడి నేల మీద ఉత్త కాళ్లతో తడి చీర ఆరేసినప్పుడు తెలుస్తుంది.

అందుకే దండెంలో ఇనుము సున్నా ఉండాలి. నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు ఉన్న స్తంభానికి, పైపుకు ఆ తాడు కూడా వద్దు. రేకుల మీద వైరు ఆనుతుంటే 1912కు ఫోన్ చేసి కరెంటు వాళ్లను పిలవండి. ఎండాకాలం ఇనుప కూలరుదీ ఇదే కథ: నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకాలి, స్విచ్చి ఆపితే సరిపోదు.

800 గ్రాములు

మన వంటింటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు. అందులో ఎంత లీకైతే ప్రమాదం? ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న వంటగది తీసుకుందాం. లోపల గాలి సుమారు 18 ఘనపు మీటర్లు. గాలిలో ఎల్‌పీజీ రెండు శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. 18లో రెండు శాతమంటే 0.36 ఘనపు మీటర్లు, బరువులో సుమారు 800 గ్రాములు. సిలిండర్‌లో పద్దెనిమిదో వంతు. తలుపులు మూసి ఉంటే అంతకన్నా తక్కువే చాలు. ఎందుకంటే ఈ గ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. పైకి లేవదు, నీళ్లలా నేల మీదే పరుచుకుంటుంది. గది అంతా రెండు శాతం కాకముందే కాళ్ల దగ్గర అయిపోతుంది.

ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే వస్తాయి. వంటగదిలో గాలి పోయే దారి పైన వెంటిలేటర్ ఒక్కటే ఉంటే చాలదు, కింద కూడా ఉండాలి. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తు మీద ఉండాలి. సిలిండర్‌ను నేల కింద గుంటలో, మెట్ల కింద మూసిన అరలో పెట్టకూడదు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. స్విచ్చి వేయకూడదు, వేసి ఉన్నది ఆపనూ కూడదు. రెండుసార్లూ రవ్వ పుడుతుంది.

ఇక రబ్బరు పైపు. దాని మీద తయారీ సంవత్సరం, గడువు అచ్చు వేసి ఉంటాయి. వాడుక గడువు ఐదేళ్లు, పొడవు ఒకటిన్నర మీటరు దాటకూడదు. చూడటానికి బాగానే ఉంది కదా అని పదేళ్లు వాడేవాళ్లున్నారు. పైపును వంచి చూడండి. వంపు దగ్గర సన్నని గీతలు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. సిలిండర్ పైన పట్టుకునే కడ్డీల లోపలి వైపు ఒక ఆంగ్ల అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు. అంకెలు సంవత్సరానివి. ఆ నెల దాటిన సిలిండర్ మళ్లీ పరీక్షకు పోవాల్సిందే. బండి మీంచి దించేటప్పుడే చూసి, గడువు దాటితే వెనక్కి పంపండి.

1.5 మిల్లీగ్రాములు

ఈ ఊరి పేరు నీళ్ల చరిత్రలో ఉంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకానికి, తర్వాత మిషన్ భగీరథగా పేరుపడ్డ దానికి, 2015 జూన్ 8న పైలాన్ ఆవిష్కరించింది చౌటుప్పల్‌లోనే. ఎందుకిక్కడ అని పాత నల్గొండ జిల్లా వాళ్లెవరూ అడగరు. కాళ్లు వంకరపోయిన మనుషులు, పళ్లమీద గారలు పడ్డ పిల్లలు ప్రతి ఊళ్లో కనిపించిన జిల్లా ఇది. మన దేశంలో ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని దర్శి, పొదిలి ప్రాంతంలో. ఆ తర్వాత ప్రపంచం దాని పేరుతో నల్గొండనే గుర్తుపెట్టుకుంది. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను విరిచి తీసే పద్ధతి కనిపెట్టి దానికి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో కూడా ఆ పేరుతోనే వాడారు.

లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు అని భారతీయ ప్రమాణం. ఇక్కడి నీళ్లలో అది ఎక్కువ ఉండటానికి కారణం నేలలోనే ఉంది. ఈ గట్టు నేల కింద ఉన్నదంతా గ్రానైటు. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ ఊరి నీళ్లలో కలుస్తుంది. బోరు ఎంత లోతుకు పోతే నీరు అంత ఎక్కువ కాలం రాయితో కలిసి ఉన్నట్టు.

ఇప్పుడు నల్లా వస్తోంది కదా, ఇక తనిఖీ ఎందుకు అంటారా? నల్లా నీళ్లు తాగడానికి పట్టుకుని, బియ్యం కడగడానికి, పప్పు ఉడకబెట్టడానికి బోరు నీళ్లు వాడే ఇళ్లు ఉన్నాయి. వంటలో పోసిన నీళ్లూ కడుపులోకే పోతాయి. కాచితే పోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. అది పూర్తిగా తలకిందుల లెక్క. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములున్న పది లీటర్లను ఎనిమిది లీటర్లయ్యేదాకా మరిగిస్తే, ఫ్లోరైడ్ ఆవిరి కాదు గనక లీటరుకు 1.9కి చేరుతుంది. క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చిక్కనవుతుంది. ఇంట్లో ఆర్‌వో ఉంటే అది ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది. కానీ మూడు లీటర్లు పోస్తే ఒక లీటరు మంచినీళ్లు, రెండు లీటర్ల వృథా నీళ్లు వచ్చే యంత్రంలో, ఆ వృథా నీటిలో ఫ్లోరైడ్ మొదటికన్నా ఒకటిన్నర రెట్లు అవుతుంది. దాన్ని కుడితిలో కలిపి గేదెకు పెట్టకండి. దాని ఎముకలూ ఎముకలే.

చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు చూపే అంకె ఫ్లోరైడ్ అంకె కాదు. టీడీఎస్ తక్కువుండి ఫ్లోరైడ్ ఎక్కువుండే నీళ్లుంటాయి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో బోరు నీళ్లను ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్షించుకోవాలి.

16.5 మీటర్లు

చౌటుప్పల్ వెంచర్లలో 150 గజాల ప్లాటు బాగా నడుస్తుంది. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడవు. దానికి ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు లాగితే 54 అడుగులు. అంటే 16.5 మీటర్లు.

తాగునీటి బోరుకు, మరుగుదొడ్డి నీళ్లు ఇంకే గుంతకు మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలన్నది ప్రజారోగ్య ఇంజినీర్లు మామూలుగా చెప్పే కొలత. అంటే 150 గజాల్లో ఒకటి ఈ మూలన, ఇంకొకటి సరిగ్గా ఆ మూలన ఉంటేనే కుదురుతుంది. ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు అన్న లెక్కలో అవి రెండూ ఒకే గోడ వెంట ఉంటాయి. ఆ గోడ పొడవు ముప్పై అడుగులైతే దూరం తొమ్మిది మీటర్లకు మించదు. పక్కింటివాళ్లూ అదే వాస్తు పాటిస్తే, వాళ్ల సెప్టిక్ ట్యాంకు మన బోరుకు ప్రహరీ అవతలే ఉంటుంది. ఇక్కడ టేపు చెప్పే తీర్పు ఒక్కటే: చిన్న ప్లాటులో బోరు నీళ్లు బట్టలకు, మొక్కలకే. తాగడానికి కాదు.

సంపు మూత కూడా ఇదే తనిఖీలో చూడాలి. రెండడుగుల చదరం చాలు ఒక పసిపిల్ల జారిపోవడానికి. మూతకు బరువు, గొళ్లెం రెండూ ఉండాలి. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే. 2013 నాటి చట్టం దాన్ని నిషేధించింది. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల్లో వంద వంతులకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కుళ్లు వాసన పోయింది గనక గ్యాసు పోయిందనుకుని దిగినవాడు తిరిగి రాడు.

ఒక అంగుళం, ఒక టన్ను

పాత పాలమూరు జిల్లాలో రెండు రాత్రులు. 2020 అక్టోబరులో వనపర్తి జిల్లా బుద్ధారంలో పాత ఇల్లు కూలి ఒకే కుటుంబంలో ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. 2024 జూలైలో నాగర్‌కర్నూల్ దగ్గర వనపట్లలో మట్టి ఇల్లు కూలి తల్లి, ముగ్గురు పిల్లలు పోయారు. రెండుసార్లూ అందరూ నిద్రలో ఉన్నారు.

మట్టి మిద్దె చెడ్డ ఇల్లు కాదు. ఎండాకాలంలో దానంత చల్లని ఇల్లు లేదు. దాని చిక్కు బరువులో ఉంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పున్న మిద్దె మీద కురుస్తోందని ఒక అంగుళం మందాన కొత్త మట్టి పరిస్తే, అది ఇరవై ఘనపు అడుగుల మట్టి, దాదాపు 900 కిలోలు. తడిస్తే టన్ను దాటుతుంది. ఏటా వానకు ముందు అంగుళం చొప్పున ఆరేళ్లు పరిస్తే అయిదారు టన్నులు. కింద దూలం మాత్రం తాత పెట్టిందే, దానికి చెదలు పట్టి ఎన్నేళ్లయిందో తెలియదు. తూము పూడి మిద్దె మీద అంగుళం నీళ్లు నిలిస్తే ఇంకో 560 కిలోలు. అందుకే మిద్దెకు తనిఖీ అంటే మూడు పనులు: పాత మట్టి గీకి కొత్తది వేయడం, తూములు తీయడం, దూలం కొసలు గోడలో దూరిన చోట గడ్డపార మొనతో గుచ్చి చూడటం. మొన మెత్తగా దిగితే ఆ గదిలో ఈ వానాకాలం ఎవరూ పడుకోవద్దు.

స్లాబు ఇల్లు కట్టుకున్నవాళ్లు నిశ్చింతగా ఉండనక్కర్లేదు. స్లాబులో ఇనుప సలాకల కింద కనీసం ఇరవై మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలి. సలాకల కింద కవరు బిళ్లలు పెట్టకుండా పోస్తే ఆ పొర అయిదు మిల్లీమీటర్లే మిగలొచ్చు. తేమ దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చులూడతాయి. పెచ్చు ఊడిన చోట సున్నం పూసి దాచేస్తే తుప్పు దాగదు. ముందుగా సజ్జలు, బాత్రూం పైకప్పు, నీళ్ల ట్యాంకు కింద స్లాబు చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను. అది స్లాబు నడిమధ్యన కాదు, గోడలు కలిసే చోట, దిమ్మె మీద ఉండాలి.

గోడ పగుళ్లలో వెంట్రుకంతవి చాలావరకు పైపూత ఎండినప్పటివి, భయం లేదు. అయిదు మిల్లీమీటర్లు దాటినవి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయేవి, లోపలా బయటా ఒకేచోట కనబడేవి పునాది కుంగినట్టు చెబుతాయి. చెరువు శిఖంలో, మట్టి నింపిన గుంతల్లో కట్టిన ఇళ్లలో ఇవి ఎక్కువ. పగులుకు అటూ ఇటూ పెన్సిలుతో గీత గీసి, మధ్య దూరం, తేదీ గోడ మీదే రాసి పెట్టండి. మూడు నెలల తర్వాత ఆ దూరం పెరిగితే మేస్త్రీ కాదు, ఇంజినీరు రావాలి.

19 సెంటీమీటర్లు, 12 అడుగులు

మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదు, కాలు పెట్టే చోటు 25కు తగ్గకూడదు, పిట్టగోడ మీటరుకు తగ్గకూడదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లకు చెప్పిన కొలతలివి. స్థలం కలిసొస్తుందని బయట నిలువుగా లేపిన మెట్లు, వాటికి ఒక వైపు కూడా పట్టుకునే కడ్డీ లేకపోవడం, పై అంతస్తు తర్వాత వేద్దామని వదిలేసిన మోకాలెత్తు పిట్టగోడ మన కాలనీల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం. కాలు లెక్క నేర్చుకుంటుంది. ఒక్క మెట్టు రెండు సెంటీమీటర్లు తేడా అయినా అక్కడే తడబడుతుంది.

ర్యాంపు కొలత ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఇంటి అరుగు రెండడుగుల ఎత్తుంటే ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు కావాలి. మనం బండి ఎక్కించడానికి వేసేది నాలుగడుగులు. అది మోటారు సైకిలుకు సరిపోతుంది, చక్రాల కుర్చీకి కాదు.

ఈ మాట నల్గొండలో రాస్తున్నప్పుడు ఒక మనిషి గుర్తుకొస్తాడు. మర్రిగూడ మండలం శివన్నగూడెంలో పుట్టి, ఫ్లోరోసిస్‌తో ఒళ్లంతా వంగిపోయి, జలసాధన సమితి ఢిల్లీ దాకా తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయికి చూపిన అంశాల స్వామి. ఫ్లోరైడ్ మీద పోరాటానికి ముఖమై నిలిచాడు. 2023 జనవరి 28న ఆయన చనిపోయింది ఆ జబ్బుతో కాదు, ఇంటి దగ్గర మూడు చక్రాల బండి మీంచి పడి తలకు తగిలిన దెబ్బతో. ఫ్లోరైడ్‌తో దెబ్బతిన్న తరం ఇంకా మన ఇళ్లల్లోనే ఉంది. ముసలితనం వాళ్లకు తొందరగా వచ్చింది. వాళ్లకు మంచినీళ్లు ఎంత అవసరమో, చేతికందే కడ్డీ, జారని నేల, పడక నుంచి మరుగుదొడ్డికి దీపం అంతే అవసరం.

ఏడు రోజులు, ఒక తలుపు, ఎర్ర త్రికోణం

డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు. అందుకే వారానికి ఒకసారి అన్న లెక్క. 2020లో రాష్ట్ర ప్రభుత్వం "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అన్నది ఈ ఏడు రోజుల ఆధారంగానే. గోలెం, కూలరు, ఫ్రిజ్ వెనక పళ్లెం ఒంపేస్తే సరిపోదు. గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. పీచుతో రుద్ది కడగాలి.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. లోపలికీ బయటికీ సొరంగం లాంటి ఒకటే దారి, పైకి మీటరు వెడల్పు మెట్లు. మన ఇళ్లకు రెండో దారి వెనక తలుపు. దానికి అడ్డంగా బియ్యం బస్తాలు, పాత కూలరు పెట్టుకుంటాం. కిటికీలన్నిటికీ ఇనుప జాలీ బిగిస్తాం. కనీసం ఒక కిటికీ జాలీకి లోపల నుంచి తెరుచుకునే రెక్క ఉండాలి, తాళం చెవి పక్కనే వేలాడాలి. మెట్ల కింద ఎలక్ట్రిక్ బండి చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. పారిపోయే దారి, మంట పుట్టే చోటు ఒకటి కాకూడదు.

పత్తి పండించే ఇంట్లో ఇంకొకటి. పురుగుమందు డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎర్రది అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎర్ర త్రికోణం అంటే కిలో శరీర బరువుకు యాభై మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువే ప్రాణం తీయగలదని. ఆకుపచ్చ అంటే విషం కాదని కాదు. మిగిలిన మందును నీళ్ల సీసాలో, నూనె డబ్బాలో ఎన్నడూ పోయకూడదు. తాళం వేసిన పెట్టె, అదీ ఇంటి బయట.

ఇంటి చీటీ

కత్తిరించి తలుపు వెనక అంటించుకోండి.

దండెం: ఇనుము సున్నా.
ఆర్‌సీసీబీ: 30 మిల్లీ ఆంపియర్లు, నెలకో నొక్కు.
ఎర్తింగ్ గొట్టం: రెండున్నర మీటర్లు, ఎండాకాలం నీళ్లు.
గ్యాసు పైపు: 5 ఏళ్లు, ఒకటిన్నర మీటరు.
ఫ్లోరైడ్: లీటరుకు 1, మించితే 1.5 మిల్లీగ్రాములు.
బోరుకు, మురుగు ఇంకే గుంతకు మధ్య: 15 మీటర్లు.
మెట్టు 19 సెంటీమీటర్లు, పిట్టగోడ 1 మీటరు, ర్యాంపు ఒకటికి పన్నెండు.
నీళ్లు నిలిచేవి: 7 రోజులకోసారి రుద్ది కడగాలి.
కరెంటు 1912, గ్యాసు 1906, ప్రాణం 108.

ఇందులో సగం పనులకు పైసా ఖర్చు లేదు. పైపు, తాడు మార్చడం, బటన్ నొక్కడం ఒక పూట పని. ఆర్‌సీసీబీ, ఎర్తింగ్‌లకు ఎలక్ట్రీషియన్ ఒక రోజు కూలి. ఖర్చయ్యేవి దూలం, స్లాబు, పునాది. వాటికి కూడా ముందు కావాల్సింది డబ్బు కాదు, అక్కడ ఏముందో చూడటం. అన్నీ ఒకేసారి కాకపోతే వరస ఇది: ముందు ఈ రోజే చంపగలిగినవి, అంటే కరెంటు, గ్యాసు, సంపు మూత, తడిసిన మిద్దె. తర్వాత మెల్లగా చంపేవి, అంటే నీళ్లు. ఆ తర్వాత కాలు విరిచేవి.

అటక మీద ఉన్న ఆ టేపు దించండి. ఈ సాయంత్రం మొదట పెరట్లోకి వెళ్లి దండెం చూడండి. ఇనుప తీగ అయితే చీకటి పడేలోగా కోసేయండి, కోసేముందు మెయిన్ ఆపండి. సర్వీసు వైరు దానికి గానీ, అది కట్టిన పైపుకు గానీ తగులుతుంటే మెయిన్ ఆపినా కరెంటు పోదు, ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.